నర్సు బొమ్మ గీయమంటే పిల్లలు ఏం గీస్తున్నట్టు?

అమెరికాలో గాలప్ సంస్థ ఏటా ఒక సర్వే చేస్తుంది. ఫలానా వృత్తివాళ్ల నిజాయితీ మీద మీకెంత నమ్మకం అని పెద్దవాళ్లను అడుగుతుంది. 1999లో నర్సులను ఆ జాబితాలో చేర్చినప్పటి నుంచి 2001 ఒక్క ఏడాది తప్ప ప్రతిసారీ మొదటి స్థానం వాళ్లదే. న్యూయార్క్ జంట టవర్లు కూలిన ఆ ఏడాది మాత్రం అగ్నిమాపక సిబ్బందికి దక్కింది. దాదాపు అదే సమయంలో, 2000లో, నర్సుల కొరతతో కలవరపడుతున్న సంఘాల కోసం జె.డబ్ల్యు.టి. అనే ప్రచార సంస్థ పది అమెరికన్ నగరాల్లో రెండో తరగతి నుంచి పదో తరగతి దాకా 1,800 మంది విద్యార్థులతో మాట్లాడించింది. అది ఆడపిల్లల పని అన్నారు పిల్లలు. వర్క్‌షాపులో నేర్పే చేతిపని లాంటిది అన్నారు. ప్రైవేటు బడుల్లో చదివేవాళ్ల స్థాయికి తగదన్నారు. నర్సుల గురించి వాళ్ల మనసులో గట్టిగా ముద్రపడింది ఎక్కడినుంచయ్యా అంటే, అప్పట్లో జోరుగా నడుస్తున్న ఒక ఆసుపత్రి టీవీ సీరియల్ నుంచి.

ఒకే దేశం, ఒకే కాలం. పెద్దలు నెత్తిన పెట్టుకున్న వృత్తిని పిల్లలు మాకొద్దన్నారు. ఎవరిది నిజమని తేల్చడానికి ఇక్కడ ఏమీ లేదు. రెండు చోట్లా అడిగింది ఒకే సంగతి కాదు. నమ్మకం వేరు, హోదా వేరు. తన ప్రాణాన్ని నర్సు చేతిలో పెట్టడానికి సందేహించని తండ్రే, కూతురు నర్సింగ్‌లో చేరతానంటే మొహం ముడుచుకోవచ్చు. మన ఇళ్లకు ఇదేమీ కొత్త కాదు.

'నర్సుల పట్ల పిల్లల దృక్పథం' అని పేరు పెట్టుకున్న అధ్యయనాలు చదివేటప్పుడు మొదట చూడాల్సింది, ఆ 'దృక్పథం' కింద ఏమేం కలిపేశారన్నది. నర్సులు ఏం చేస్తారో పిల్లలకు తెలుసా అన్నది ఒక సంగతి. చూస్తే భయమా, ఇష్టమా అన్నది ఇంకొకటి. ఆ పని ఎవరు చేయాలి, దానికి ఎంత విలువ ఉంది అన్న అంచనా మూడోది. పెద్దయ్యాక తాము ఆ పనిలోకి వెళ్తారా అన్నది నాలుగోది. ఇవి నాలుగూ జట్టుగా నడవవు. సూది అంటే హడలిపోయే పిల్ల నర్సు కావాలని కలలు కనవచ్చు. నర్సుల పనంతా వరసగా అప్పజెప్పగలిగిన పిల్లవాడు 'అది నా పని కాదు' అనవచ్చు. నాలుగింటినీ కూడి ఒక అంకె చేసి 'దృక్పథం 68 శాతం' అని రాస్తే ఆ 68 దేనికి సంబంధించిందో రాసినవాళ్లు కూడా చెప్పలేరు.

అసలు పిల్లల్ని అడగడం ఎందుకు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదిక ప్రకారం లోకంలో నర్సులు సుమారు 2 కోట్ల 80 లక్షలు, కొరత 59 లక్షలు. ఆ ఖాళీలు నింపాల్సినవాళ్లు ఇప్పుడు బడుల్లో ఉన్నారు. పైగా ఏ వృత్తి తమది కాదో పిల్లలు చాలా ముందే తేల్చేసుకుంటారన్నది లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో ప్రతిపాదించిన సిద్ధాంతం. మూడు నుంచి అయిదేళ్ల మధ్య పిల్లలకు పెద్ద, చిన్న, బలవంతుడు, బలహీనుడు అన్న తేడా తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది మధ్య మగపని, ఆడపని అన్న గీత పడుతుంది. తొమ్మిది నుంచి పదమూడు మధ్య హోదా లెక్కలోకి వస్తుంది. తనకు ఏది ఇష్టం అన్న ప్రశ్న పద్నాలుగు తరువాతగానీ రాదు. ఈ క్రమంలో ఒకసారి చెరిపేసిన వృత్తిని మళ్లీ పరిశీలించడం అరుదని ఆమె అంటారు. ఈ వరసను నర్సింగ్‌కు పెట్టి చూస్తే దెబ్బ రెండుసార్లు పడుతుంది. ఏడేళ్లకు మగపిల్లలు తప్పుకుంటారు. పదకొండేళ్లకు, డాక్టరు కింద పనిచేసే ఉద్యోగమన్న ఊహతో, చదువులో ముందున్న ఆడపిల్లలూ తప్పుకుంటారు. ఇంటర్ బైపీసీ విద్యార్థులకు పెట్టే కెరీర్ గైడెన్స్ సదస్సులు అయిపోయిన పెళ్లికి మేళం లాంటివి అయ్యేది అందుకే.

బొమ్మ చెప్పేదేమిటి

చిన్న పిల్లలకు ప్రశ్నపత్రం ఇస్తే చదవలేరు, రాయలేరు. కాబట్టి కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి బొమ్మ గీయమనడం పాత పద్ధతి. 1926లో ఫ్లారెన్స్ గుడినఫ్ పిల్లలు గీసిన మనిషి బొమ్మతో వాళ్ల తెలివిని అంచనా వేసే పరీక్ష తయారు చేశారు. వృత్తుల విషయంలో అందరూ చెప్పుకునేది డేవిడ్ వేడ్ చేంబర్స్ పని. 1966 నుంచి 1977 దాకా, ఎక్కువగా కెనడాలో, శాస్త్రవేత్త బొమ్మ గీయమని చిన్న తరగతుల పిల్లలను అడిగి 4,807 బొమ్మలు పోగుచేశారు. 1983లో ఫలితాలు అచ్చువేశారు. తెల్ల కోటు, కళ్లద్దాలు, గడ్డం, ప్రయోగశాల సామాను, పుస్తకాలు, యంత్రాలు, 'దొరికింది' అని అరిచే తరహా మాటలు అంటూ ఏడు ఆనవాళ్లు పెట్టుకుని లెక్కించారు. అన్ని వేల బొమ్మల్లో ఆడ శాస్త్రవేత్తలు 28 మంది. ఆ 28 గీసినవాళ్లూ ఆడపిల్లలే. తరువాత అమెరికాలో ఇదే పద్ధతిలో జరిగిన 78 అధ్యయనాలను, 20,000కు పైగా పిల్లల బొమ్మలను, 2018లో ఒకచోట చేర్చి చూస్తే, 1980ల తరువాతి కాలంలో ఆడ శాస్త్రవేత్తల వాటా సగటున 28 శాతానికి చేరింది. ఒక్క బొమ్మకు అర్థం చెప్పడం కష్టం. యాభై ఏళ్ల పాటు ఒకే ఆదేశంతో గీయించిన బొమ్మలను వరసగా పెడితే మాత్రం సమాజం ఎటు కదిలిందో కనిపిస్తుంది. ఈ పద్ధతి అసలు బలం అక్కడుంది.

ఈ పరీక్షనే తీసుకుని 'శాస్త్రవేత్త' ఉన్నచోట 'నర్సు' అని మార్చడం సులువు. చాలామంది చేసేది అదే. సాధారణంగా వచ్చేవి కూడా ఊహించదగ్గవే: ఆడమనిషి, తెల్ల దుస్తులు, నెత్తిన టోపీ, చేతిలో సిరంజి, పక్కన మంచం. అది చూసి 'పిల్లల్లో మూస భావనలు బలంగా ఉన్నాయి' అని రాసేస్తారు. ఇక్కడే నా అభ్యంతరం. ప్రపంచంలో నర్సుల్లో దాదాపు 90 శాతం మహిళలని ఇందాకటి నివేదికే చెబుతోంది. 2019లో ఎయిమ్స్ సంస్థలు నర్సింగ్ ఆఫీసర్ కొలువుల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు అని నిర్ణయించుకున్నాయి. ప్రభుత్వ సంస్థే నిష్పత్తి రాసిపెట్టుకున్న దేశంలో అయిదో తరగతి పిల్లవాడు ఆడ నర్సును గీస్తే దాన్ని మూస భావన అనాలా, సరైన సమాచారం అనాలా? వంద మంది పిల్లల్లో వందమందీ ఆడమనిషినే గీస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. అయినా ఒక్కో పిల్లవాడు గీసేది ఒక్క బొమ్మే. పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లని కచ్చితంగా తెలిసిన పిల్లవాడు కూడా ఒక్కదాన్ని గీయమంటే ఆడమనిషినే గీస్తాడు. ఒక్క బొమ్మలో నిష్పత్తి పట్టదు.

గుర్తింపు సమస్య ఇంకొకటి ఉంది. బొమ్మ గీసేవాడి మొదటి కష్టం, చూసినవాళ్లకు అది నర్సు అని తెలియాలి. మామూలు మనిషిని గీస్తే 'ఇదెవరు' అని టీచరు అడుగుతుంది. కాబట్టి టోపీ పెడతాడు, టోపీ మీద ఎర్ర ప్లస్ గుర్తు వేస్తాడు. ఆ టోపీ చాలా ఆసుపత్రుల్లో ఇప్పుడు కనబడదు. రెడ్ క్రాస్ గుర్తు సంగతి ఇంకా తమాషా. మన దేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా దాన్ని వాడకూడదు. ఆసుపత్రులకు, డాక్టర్లకు, నర్సులకు కూడా ఆ హక్కు దానంతటది రాదు. అయినా ఆటబొమ్మల పెట్టెల మీద, కార్టూన్లలో అదే ఉంటుంది కాబట్టి పిల్లల కాగితం మీదికీ వస్తుంది. అది నర్సు ఇలాగే ఉంటుందన్న నమ్మకం కాదు. నర్సు అని చెప్పడానికి అందరికీ తెలిసిన గుర్తు అంతే. బడిపిల్లలు ఇల్లు గీయమంటే పెంకుల కప్పు, పొగగొట్టం, వెనక రెండు కొండలు, మధ్యలో సూర్యుడు వేస్తారు. వాళ్లలో ఎంతమంది ఇళ్లకు పొగగొట్టాలున్నాయి?

దీనికి విరుగుడు లేకపోలేదు. ఒకటి కాకుండా రెండుమూడు బొమ్మలు గీయమనాలి. మొదటిది మూసలో వచ్చినా మూడోదానికి పిల్లలు తమకు తెలిసిన మనిషి దగ్గరికి వస్తారు. గీసిన తరువాత పక్కన కూర్చుని 'ఇక్కడేం జరుగుతోంది, ఈమె ఇప్పుడు ఎక్కడికి వెళ్తుంది, ఈ మంచం మీద ఉన్నది ఎవరు' అని అడగాలి. చాలాసార్లు మంచం మీద ఉన్నది నానమ్మ అవుతుంది. ఆ మాట వినకపోతే బొమ్మలో సగం పోయినట్టే.

బొమ్మ కంటే తెలివైన ఉపాయం ఒకటి 1979లోనే జరిగింది. కార్డువా, మెగ్రా, డ్రాబ్‌మన్ అనే పరిశోధకులు అయిదారేళ్ల పిల్లలకు చిన్న సినిమాలు చూపించారు. కొన్నింటిలో మగ డాక్టరు, ఆడ నర్సు. కొన్నింటిలో ఆడ డాక్టరు, మగ నర్సు. చూపించాక ఎవరు డాక్టరు, ఎవరు నర్సు అని అడిగారు. ఆడ డాక్టరును, మగ నర్సును కళ్లారా చూసిన పిల్లల్లో ఎక్కువమంది తిరగేసి చెప్పారు: అతనే డాక్టరు, ఆమే నర్సు. ఇక్కడ పిల్లల్ని అభిప్రాయం అడగలేదు, జ్ఞాపకం అడిగారు. జ్ఞాపకం ఎటు ఒరిగిందో అదే కొలత అయింది. పెద్దలకు నచ్చే జవాబు ఏమిటో ఊహించి చెప్పడానికి పిల్లలకు అవకాశం లేదు. నలభై ఏళ్లు దాటినా ఈ రంగంలో నాకు అన్నింటికన్నా నచ్చే ప్రయోగం ఇదే.

నీళ్ల కంటే పాలు పెద్దవా?

బొమ్మల తరువాత ఎక్కువగా వాడేది ప్రశ్నలు. 'నర్సులు మంచివాళ్లు' అని ఒక వాక్యం ఇచ్చి, పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి అస్సలు ఒప్పుకోను దాకా అయిదు మెట్లు. 1932లో రెన్సిస్ లైకర్ట్ పెద్దల కోసం తయారు చేసిన పద్ధతి ఇది. పిల్లల కోసం మెట్ల బదులు నవ్వే, ఏడ్చే ముఖాలు పెడతారు. ఆ ముఖాల వాడకం ఒక నర్సు చేయి ఉన్న పరికరంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. 1980లలో ఓక్లహోమాలోని టల్సాలో డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ అనే సహోద్యోగి కలిసి పిల్లలు నొప్పి ఎంతో చెప్పడానికి ఆరు ముఖాల స్కేలు చేశారు. నొప్పికి అది పనికొచ్చింది. ఎందుకంటే నొప్పి ఇప్పుడు, ఇక్కడ, తన ఒంట్లో ఉంది. 'నర్సింగ్ గౌరవప్రదమైన వృత్తి' అన్న వాక్యానికి ముఖం ఎంచుకోమంటే ఏడేళ్ల పిల్లవాడు దేన్ని చూసి ఎంచుకోవాలి? ఆ వయసు పిల్లలు మధ్య మెట్లను వదిలేసి ఈ చివరో ఆ చివరో పట్టుకుంటారు. అందులోనూ నవ్వు ముఖమే ఎక్కువ. దాంతో మొదటి సర్వేలోనే స్కోరు పైకప్పుకు తగులుతుంది, ఆ తరువాత పెరిగిందా తగ్గిందా అన్నది కొలవడానికి చోటుండదు.

మార్టిన్ హ్యూస్, రాబర్ట్ గ్రీవ్ అనే పరిశోధకులు 1980లో చేసిన పని ఈ రంగంలో ఉన్న ప్రతివాళ్లూ ఒకసారి చదవాలి. అయిదేళ్లు, ఏడేళ్ల పిల్లలను 'నీళ్ల కంటే పాలు పెద్దవా?', 'పసుపు కంటే ఎరుపు బరువా?' అని అడిగారు. అర్థం లేని ప్రశ్నలు. పిల్లలు 'ఇదేం ప్రశ్న' అనలేదు. దాదాపు అందరూ జవాబు చెప్పారు, కొందరు కారణం కూడా జోడించారు. పెద్దవాళ్లు అడిగారంటే జవాబు ఉండే ఉంటుందన్నది పిల్లల నమ్మకం. తరువాతి అధ్యయనాల్లో తేలిందేమిటంటే, అవును, కాదు అని చెప్పాల్సిన ప్రశ్న అయితే పిల్లలు ఏదో ఒకటి చెప్పేస్తారు. అదే వివరించమని అడిగితే 'తెలీదు' అని ఒప్పుకునేవాళ్లు చాలా ఎక్కువ. నర్సుల మీద ముప్ఫై వాక్యాల ప్రశ్నపత్రానికి జవాబులు నిండుగా వచ్చాయని మురిసిపోయే ముందు ఈ పాల సంగతి తలచుకోవాలి.

అదే ప్రశ్నను రెండుసార్లు అడగడమూ చిక్కే. స్కేలు నమ్మదగ్గదా కాదా అని చూడటానికి కొన్నాళ్ల తరువాత మళ్లీ పెట్టడం మామూలు పద్ధతి. జవాబు మారకపోతే స్కేలు గట్టిదని లెక్క. కానీ రోజ్, బ్లాంక్ 1974లో చూపించింది ఏమిటంటే, ఒకే విడతలో ఒకే ప్రశ్నను రెండోసారి అడిగితే ఆరేళ్ల పిల్లలు మొదటిది తప్పేమోనని మార్చేస్తారు. బడిలో టీచరు మళ్లీ అడిగిందంటే అర్థం అదే కదా. వారాల ఎడం ఇస్తే ఇబ్బంది తగ్గుతుంది, కానీ ఆ మధ్యలో పిల్లవాడికి జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్లొస్తే జవాబు నిజంగానే మారుతుంది. అది స్కేలు లోపం కాదు.

అడిగేదాన్ని విడదీసి అడగడంలో మాత్రం లిబెన్, బిగ్లర్ 2002లో ప్రచురించిన కొలమానాలు మంచి దారి చూపాయి. ఫలానా పని ఎవరు చేయాలి, మగవాళ్లేనా, ఆడవాళ్లేనా, ఇద్దరూనా అని ఇతరుల గురించి ఒక భాగం. ఆ పని నువ్వు ఎంత చేయాలనుకుంటున్నావు అని తన గురించి ఇంకో భాగం. రెండింటి జవాబులూ ఒకటే కానక్కర్లేదని వాళ్ల పనిలో బయటపడింది. 'మగవాళ్లు కూడా నర్సులు కావచ్చు' అని ఉదారంగా చెప్పిన అబ్బాయి 'మరి నువ్వు?' అంటే బల్ల కిందికి దూరిపోవడం అందువల్లే. ఎవరు చేస్తున్నారు, ఎవరు చేయవచ్చు, ఎవరు చేయాలి, నువ్వు చేస్తావా: ఈ నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడిగితే మూస భావన ఏ మెట్టు మీద కూర్చుందో తెలుస్తుంది. మొదటిదానికి 'ఆడవాళ్లు' అనడం వార్త కాదు. రెండోదానికి కూడా అలాగే అంటే అది వార్త.

అడిగే మనిషి ఎవరన్నది మరిచిపోకూడదు. నర్సింగ్ కాలేజీ విద్యార్థినులు యూనిఫారంలో బడికి వచ్చి 'నర్సులంటే మీకు ఇష్టమా' అని అడిగితే లేదని చెప్పే ధైర్యం మూడో తరగతిలో ఎవరికుంటుంది?

మన పిల్లల్ని అడగాలంటే

ఇంగ్లీషులో తయారైన ప్రశ్నపత్రాన్ని తెలుగులోకి దించేటప్పుడు ఒక గొయ్యి ఉంది. తెలుగు క్రియ నోరు విప్పగానే ఆడా మగా తేల్చేస్తుంది. 'నర్సు ఏం చేస్తుంది?' అని అడిగామంటే నర్సు ఆడమనిషి అని మనమే చెప్పేశాం. ఆ తరువాత పిల్లవాడు ఆడమనిషిని గీస్తే అది మన ప్రశ్నకు ప్రతిధ్వని. 'నర్సులు ఏం చేస్తారు?' అని బహువచనంలో అడిగితే ఆ ముడి విప్పుకుంటుంది. పిల్లలకు ముందు ఒక్క వాక్యం కూడా ఏకవచనంలో చెప్పకుండా బొమ్మ గీయించాలి. చిన్న జాగ్రత్తే, కానీ ఫలితం మొత్తాన్ని తిప్పేయగలదు.

ప్రశ్నలో ప్రమాదమైన ఈ వ్యాకరణమే జవాబులో నిధి. పిల్లలు స్వేచ్ఛగా మాట్లాడుతున్నప్పుడు రికార్డు చేసి క్రియల తోకలు చూడండి. 'డాక్టర్ గారు చూస్తారు, నర్సు సూది వేస్తుంది' అని ఒక పిల్ల అన్నదనుకుందాం. ఆ ఒక్క వాక్యంలో డాక్టరుకు 'రు' పడింది, నర్సుకు పడలేదు. ఎవరికి గౌరవం ఇవ్వాలో ఆ పిల్లను ఎవరూ అడగలేదు, తనంతట తను ఇచ్చింది. ముఖాల స్కేలు పట్టుకోలేని హోదా ఇక్కడ ఉచితంగా దొరుకుతుంది. అయితే ఇందులోనూ తొందరపాటు కూడదు. కొన్ని ఇళ్లలో అమ్మను, టీచరును కూడా 'వచ్చింది' అంటారు, తెలంగాణలో 'అస్తది' అంటే అమర్యాద కాదు. కాబట్టి ఒక పిల్లను ఇంకో పిల్లతో పోల్చకూడదు. అదే పిల్ల టీచరు గురించి, డాక్టరు గురించి, నర్సు గురించి, బస్సు కండక్టరు గురించి ఎలా మాట్లాడుతుందో పక్కపక్కన పెట్టాలి. లేడీ డాక్టరుకు 'రు' పెట్టి లేడీ నర్సుకు పెట్టకపోతే తేడా ఆడతనం వల్ల రాలేదు, వృత్తి వల్ల వచ్చింది. ఇంగ్లీషులో పరిశోధన చేసేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

పిల్లలు 'నర్సు' అని ఎవరిని అంటున్నారన్నది కూడా ముందే తేల్చుకోవాలి. స్టాఫ్ నర్సు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, ఆయా, రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్: ఆసుపత్రిలో డాక్టరు కాని ప్రతి ఆడమనిషీ చాలామంది పిల్లలకు నర్సే. మగవాళ్లయితే కాంపౌండరు. నర్సింగ్ చదివి డ్యూటీ చేస్తున్న మగ మనిషిని కూడా కాంపౌండరు అనేస్తే పిల్లవాడి లెక్కలో మగ నర్సులు ఎప్పటికీ సున్నా. 'నర్సులు నేల తుడుస్తారు' అన్న జవాబును నర్సుల పట్ల చిన్నచూపుగా నమోదు చేయవచ్చు. బహుశా ఆ పిల్ల ఆయాను చూసి చెప్పింది. ముందుగా ఫొటోలు చూపించి వీళ్లలో నర్సులు ఎవరు అని అడిగితే ఈ గందరగోళం చాలావరకు తీరుతుంది.

ఇక భయం సంగతి. బడి వయసు తెలుగు పిల్లలు ఆరోగ్యంగా ఉన్నప్పుడు నర్సును కలిసేది ఎక్కడ? ఎక్కువగా టీకా దగ్గర. జాతీయ టీకాల పట్టికలో అయిదారేళ్లకు డీపీటీ బూస్టరు, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) ఉన్నాయి. 2017 ఆగస్టులో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మొదలైంది. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు వాళ్లందరికీ వేశారు, బడిపిల్లలకు బడులకే వచ్చి వేశారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాల్లోనూ ఒక ఏఎన్ఎమో స్టాఫ్ నర్సో ఉంటారు. వాళ్లు వచ్చేది పరీక్షలకే అయినా తెల్ల వ్యాను కనబడగానే వెనక బెంచీల్లో గుసగుసలు మొదలవుతాయి. దీనికి తోడు 'అల్లరి చేస్తే సూది వేయిస్తా' అన్నది మన ఇళ్లలో అందరికీ చేతనైన క్రమశిక్షణ. ఇలాంటి వారంలో సర్వే చేస్తే వచ్చే కాగితాల నిండా సిరంజిలే. అది నర్సు మీద అభిప్రాయం కాదు, సూది మీద అభిప్రాయం. రెండింటినీ విడదీయాలంటే సర్వే తేదీకీ, బడికి టీకా బృందం వచ్చిన తేదీకీ మధ్య ఎడం ఎంతో రాసిపెట్టాలి. పిల్లలు ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరారా, ఇంట్లోగానీ చుట్టాల్లోగానీ నర్సులున్నారా అన్నవి కూడా రాసుకోవాలి. భయాన్నే కొలవాలనుకుంటే దానికి వేరే పరికరం ఉంది. క్లాట్‌వర్తీ, సైమన్, టీడెమన్ 1999లో ప్రచురించిన పద్ధతిలో ఆసుపత్రిలో ఉన్న పిల్లలచేత 'ఆసుపత్రిలో ఒక మనిషి' బొమ్మ గీయించి, మనిషి పరిమాణం, కాగితం మీద చోటు, వాడిన రంగులు వంటివి చూసి ఆందోళన అంచనా వేస్తారు. గమనించండి, అక్కడ నర్సును గీయమనలేదు. ఆ స్కోరును తెచ్చి నర్సింగ్ వృత్తి మీద వైఖరిగా చూపించకూడదు.

తొంభై నాలుగు శాతం ఒప్పందం

బొమ్మలన్నీ వచ్చాక ఇద్దరు కూర్చుని విడివిడిగా లెక్కిస్తారు. ఇద్దరి లెక్కా కలిస్తే నమ్మవచ్చంటారు. నర్సు బొమ్మల విషయంలో ఇక్కడో కనికట్టు ఉంది. ఊహకు వంద బొమ్మలు తీసుకుందాం. ఇద్దరూ చెరో 95 బొమ్మలను ఆడ అని, అయిదింటిని మగ అని రాశారు. 94 బొమ్మల దగ్గర ఇద్దరి మాటా ఒకటే. 94 శాతం ఒప్పందం అంటే గొప్పగా ఉంది. కానీ ఇద్దరూ బొమ్మలు చూడకుండా కళ్లు మూసుకుని 95, 5 చొప్పున పంచినా సుమారు 90.5 శాతం చోట్ల కలుస్తాయి. ఆ అదృష్టం వాటాను తీసేసి చూపడానికే జేకబ్ కోహెన్ 1960లో కప్పా అనే కొలత ఇచ్చారు. ఇద్దరి లెక్కా పూర్తిగా కలిస్తే కప్పా 1. పై లెక్కకు వేస్తే 0.37 దగ్గర ఆగుతుంది. అంటే అసలు మనకు కావలసిన ఆ కొద్ది మగ నర్సుల బొమ్మల దగ్గరే ఇద్దరూ తగువు పడుతున్నారన్నమాట. జుట్టు పొట్టిగా, ప్యాంటు వేసుకున్న బొమ్మ మగా ఆడా అన్నది లెక్కించేవాళ్లు ఊహించడం ఎందుకు, గీసిన పిల్లనే అడిగితే పోయేదానికి.

'నర్సులు బడికి వచ్చి మాట్లాడాక పిల్లల దృక్పథం మెరుగుపడింది' అన్న తరహా ఫలితాలకూ ఇలాంటి పరీక్షే పెట్టాలి. సందర్శన అయిన మధ్యాహ్నమే ప్రశ్నపత్రం ఇస్తే పెరిగేది దాదాపు ఎప్పుడూ మొదటి సంగతే, అంటే తెలిసిన విషయాల సంఖ్య. నర్సులు మందుల మోతాదు సరిచూస్తారని, రాత్రి డ్యూటీలో వార్డు మొత్తం వాళ్ల మీదే ఉంటుందని పిల్లలు విన్నారు, రాశారు. మంచిదే. హోదా, ఇష్టం, తన భవిష్యత్తు అన్నవి కదిలాయో లేదో ఆరు నెలల తరువాత, యూనిఫారం లేని కొత్త మనిషి అడిగితే తెలుస్తుంది. నర్సులు రాని పక్క బడిలో కూడా అదే సమయానికి అడగాలి, ఎందుకంటే పిల్లలు ఆ ఆరు నెలల్లో ఎలాగూ పెరుగుతారు. గాట్‌ఫ్రెడ్‌సన్ లెక్కలో ఎనిమిది నుంచి తొమ్మిదికి దాటిన పిల్ల ఏ సందర్శనా లేకుండానే హోదా గురించి ఆలోచించడం మొదలుపెడుతుంది.

చివరగా, పరిశోధన నివేదికల్లో ఒక వాక్యంతో దాటేసే సంగతి: పిల్లల ఒప్పుదల. భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు. ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లల దగ్గర నోటిమాటగా, పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి. తరగతి గదిలో టీచరు నిలబడి కాగితాలు పంచుతుంటే 'నేను గీయను' అని ఎవరూ అనరు. అనరు గానీ కొందరు ఖాళీగా ఇచ్చేస్తారు. కొందరు నర్సు బదులు కారు గీస్తారు. వీటిని 'అసంపూర్తి' అని పక్కన పడేసి మిగతావాటికి శాతాలు కట్టడం అలవాటైపోయింది. ఖాళీ కాగితం ఇచ్చింది నర్సులెవరో తెలియని పిల్లా, తెలిసి భయపడిన పిల్లా, ఒప్పుకోవడం ఇష్టంలేని పిల్లా అన్నదాన్ని బట్టి అది మన నాలుగు సంగతుల్లో వేర్వేరు చోట్లకు వెళ్తుంది, లేదా అసలు లెక్కలోకే రాకూడదు. కనీసం ఎన్ని ఖాళీగా వచ్చాయో, ఏ తరగతిలో ఎక్కువో ఫలితాల పట్టికలోనే మొదటి వరసలో వేయాలి. ఒక తరగతిలో నలభై కాగితాలు పంచి, పన్నెండు పక్కన పెట్టి, మిగిలిన ఇరవై ఎనిమిదింటికి శాతాలు కట్టిన నివేదిక చేతికొస్తే నేను ముందు ఆ పన్నెండూ చూపించమంటాను.